రాయి మనది, లెక్క వాళ్లది

మన దేశంలో నడుస్తున్న అణు విద్యుత్ రియాక్టర్లలో ఎక్కువ వాటికి రెండు సరుకులు లేనిదే పని జరగదు. ఒకటి యురేనియం, రెండోది భారజలం. యురేనియం కోసం దేశంలో మొదటి గని తవ్వింది జాదూగూడలో. అది ఇప్పటి జార్ఖండ్‌లోని తూర్పు సింగ్‌భూమ్ జిల్లా. సంతాల్, హో, ముండా జనం ఊళ్లున్న నేల. భారజలం తయారుచేసే కర్మాగారాల్లో ఒకటి మన గోదావరి ఒడ్డున, అశ్వాపురం మండలంలో ఉంది. మణుగూరు భారజల కర్మాగారం అంటారు. ఇది కోయల నేల, ఐదో షెడ్యూలు ప్రాంతం. జాదూగూడ రాయి పసుపు ముద్దగా మారి హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు చేరుతుంది, అక్కడ ఇంధన కడ్డీ అవుతుంది. రాయి ఒక ఆదివాసీ నేలది, నీళ్లు ఇంకో ఆదివాసీ నేలవి.

ఆ కడ్డీలో ఏం జరుగుతుందో లెక్కగట్టే గదిలో మన పిల్లలు ఎంతమంది?

ఈ ప్రశ్న వేస్తే రెండు వైపుల నుంచీ మన నోరు మూయిస్తారు. అధికారులు ‘మీ పిల్లలకు ఆ స్థాయి రావాలి కదా’ అంటారు. మనవాళ్లలోనే కొందరు పెద్దలు, ఉద్యమంలో తల పండినవాళ్లు, ‘అది విషం, దాని జోలికి మనకెందుకు’ అంటారు. ఇద్దరి మాటా వేరు, ఫలితం ఒకటే. ఇద్దరూ మన పిల్లవాణ్ణి ప్రయోగశాల గడప బయటే నిలబెడుతున్నారు. మేం ఇద్దరితోనూ తగువు పడటానికే ఇది రాస్తున్నాం.

ముందు స్థాయి సంగతి చూద్దాం.

ముంబైలోని ట్రాంబేలో ఉన్న భాభా అణు పరిశోధన కేంద్రం 1954లో మొదలైంది. అప్పుడు దాని పేరు అణుశక్తి సంస్థ. హోమీ భాభా 1966లో విమాన ప్రమాదంలో పోయాక, 1967లో ఆయన పేరు పెట్టారు. అక్కడ అప్సర అనే రియాక్టరు 1956 ఆగస్టు 4న పనిచేయడం మొదలుపెట్టింది. మరుసటి ఏడే, 1957లో, అక్కడ ట్రైనింగ్ స్కూలు తెరిచారు. దేశంలో మొదటి అణు విద్యుత్ కేంద్రం తారాపూర్‌లో నడకకు వచ్చింది 1969లో. అంటే కరెంటు పుట్టడానికి 12 ఏళ్ల ముందే బడి పుట్టింది. నిపుణులు లేరు కాబట్టి రియాక్టరు వద్దని వాళ్లు అనుకోలేదు. నిపుణులు లేరు కాబట్టి ముందు బడి పెట్టారు.

అంతకన్నా వెనక్కి వెళ్దాం. 1944లో భాభా దొరాబ్జీ టాటా ట్రస్టుకు ఒక ఉత్తరం రాశారు. పరిశోధనా సంస్థ పెట్టడానికి డబ్బు అడుగుతూ రాసిన ఉత్తరం అది. అందులో సారాంశం ఇది: రేపు అణుశక్తి వాడుకలోకి వచ్చే రోజున మన దేశం నిపుణుల కోసం విదేశాల వైపు చూడకూడదు, వాళ్లు మన చేతికందే దూరంలోనే ఉండాలి. అప్పటికి దేశానికి స్వాతంత్ర్యం రాలేదు. ‘ముందు మీకు స్థాయి రానీ’ అని ఎవరో తెల్లదొర అనే ఉంటాడు. ఆయన ఆగలేదు. మరుసటి ఏడాది టాటా పరిశోధనా సంస్థ వచ్చింది.

మేం అడిగేదీ అక్షరాలా అదే. మా నేల కింద ఏముందో, మా నీళ్లలో ఏం కలుస్తోందో తెలుసుకోవడానికి మేం పరాయి నిపుణుల వైపు చూస్తూ కూర్చోకూడదు. మా నిపుణులు మా చేతికందే దూరంలో ఉండాలి. ఢిల్లీ నుంచి లండన్ వైపు చూస్తే ఈ మాట దేశభక్తి అయింది. అశ్వాపురం నుంచి ట్రాంబే వైపు చూస్తే గొంతెమ్మ కోరిక ఎలా అవుతుంది?

ట్రాంబే ట్రైనింగ్ స్కూల్లో చేరాలంటే ఇంజనీరింగు డిగ్రీ గానీ సైన్సు పీజీ గానీ కనీసం 60 శాతం మార్కులతో ఉండాలి. తర్వాత వాళ్ల ఆన్‌లైన్ పరీక్ష గానీ గేట్ స్కోరు గానీ, ఆపైన ఇంటర్వ్యూ. ఎంపికైతే ఏడాది చదువు, చదువుతుండగానే స్టైపెండు, గట్టెక్కితే సైంటిఫిక్ ఆఫీసరు ఉద్యోగం. ఎస్టీలకు వయసులో 5 ఏళ్ల సడలింపు ఉంది, దరఖాస్తు ఫీజు లేదు. ఫీజు మాఫీ చేసినందుకు సంతోషం. కానీ ఫీజు దగ్గర ఆగిపోయిన పిల్లవాణ్ణి మేం ఒక్కణ్ణీ చూడలేదు. మా పిల్లలు ఆగిపోయేది చాలా ముందు, తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం దగ్గర. సీఆర్టీ పోస్టు ఖాళీగా ఉండి, సోషల్ సారే సైన్సు పుస్తకం చదివి వినిపించే ఆశ్రమ పాఠశాలలో ఆగిపోతారు. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటానంటే ‘నీకెందుకురా, హెచ్ఈసీ తీసుకో, తొందరగా గట్టెక్కుతావ్’ అని సలహా ఇచ్చేవాళ్ల దగ్గర ఆగిపోతారు. ఆ సలహా ఇచ్చేవాళ్లలో మన పంతుళ్లూ ఉన్నారు, దాచడం ఎందుకు.

కింది మెట్టు ఉద్యోగాలకు ఇంకో దారి ఉంది. ఐటీఐ, ఇంటర్, డిప్లొమా, బీఎస్సీ చదివినవాళ్లను స్టైపెండరీ ట్రైనీలుగా తీసుకుంటారు. మంచి ఉద్యోగాలే, పిల్లలకు తప్పక చెప్పాలి. కానీ గదుల తేడా గుర్తుపెట్టుకోండి. పైపు బిగించే గది వేరు, ఆ పైపులో ఏం పారాలో నిర్ణయించే గది వేరు. పరిశోధన చేసే, చేయించే పై గ్రేడు శాస్త్రీయ పోస్టులకు కొన్ని షరతుల మీద రిజర్వేషన్ నుంచి మినహాయింపు ఇచ్చే కేంద్ర ఉత్తర్వు 1975 నుంచి ఉంది. మొదటి మెట్టు దాటాక తలుపు మళ్లీ సన్నబడుతుందన్నమాట.

స్థాయి గురించి ఇంకో మాట కూడా చెప్పి ముందుకు పోతాం. మాలో చాలామందిమి ఈ నల్లబల్ల ముందు నిలబడింది 2000లో వచ్చిన జీవో 3 వల్ల. షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే అన్న జీవో అది. అప్పుడూ స్థాయి మాటే వచ్చింది. గూడెం బడికి బయటి సారు వారానికి ఒక రోజు వచ్చి సంతకాలు పెట్టిపోయిన కాలంలో ఈ స్థాయి ఎక్కడుండేదో ఎవరూ అడగలేదు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. అయినా ఆ 20 ఏళ్లలో ఒక సంగతి రుజువైంది. కుర్చీ చూపిస్తే కూర్చునేవాళ్లు మనలో ఉన్నారు, కూర్చున్నాక పని చేసేవాళ్లూ ఉన్నారు.

ఇక మన పెద్దల మాట. వాళ్ల కోపం మాకు తెలుసు, ఆ కోపానికి కారణమూ తెలుసు.

జాదూగూడ రాతిలో యురేనియం ఎంత? వెయ్యి కిలోల రాయి దంచితే కిలో కూడా రాదు. మిగిలిందంతా పిండి చేసిన బురద. దాన్ని టెయిలింగ్ పాండ్ అనే చెరువుల్లోకి వదులుతారు. యురేనియం తీసేశారు కదా ఇంకేముంది అనుకుంటాం. రేడియం లాంటివి ఆ బురదలోనే ఉండిపోతాయి. 2006 డిసెంబరులో ఆ బురదను తీసుకుపోయే పైపు పగిలి వాగులో కలిసింది. దాన్ని కనిపెట్టి చెప్పింది కంపెనీ యంత్రం కాదు, ఊరి జనం. ఇండియన్ డాక్టర్స్ ఫర్ పీస్ అండ్ డెవలప్‌మెంట్ అనే వైద్యుల సంస్థ 2007లో అక్కడ సర్వే చేసింది. గనుల దగ్గరి ఊళ్లలో పుట్టుకతో వచ్చే లోపాలు, సంతానం కలగకపోవడం, క్యాన్సర్ చావులు దూరపు ఊళ్లకన్నా ఎక్కువని చెప్పింది. కంపెనీ కాదంది, రేడియేషన్ హద్దుల్లోనే ఉందంది. ఆ హద్దులు కొలిచే విభాగం జాదూగూడలోనే ఉంది. అది ఎవరిది? భాభా కేంద్రానిదే. గనీ అణుశక్తి శాఖదే, కొలబద్దా అణుశక్తి శాఖదే. 1983లో ఏర్పడ్డ అణుశక్తి నియంత్రణ మండలి కూడా అణుశక్తి కమిషన్‌కే జవాబు చెప్పుకునేది. దానికి స్వతంత్రత చాలదని 2012లో కాగ్ నివేదికే ఎత్తిచూపింది. దాని మీద అప్పట్లో 1962 నాటి అణుశక్తి చట్టం, సమాచారం బయట పెట్టడానికి అడ్డుగోడగా దాని 18వ సెక్షన్ ఉండేవి.

ఇంత జరిగాక ‘దాని జోలికి మనకెందుకు’ అనడం సహజం. కానీ పెద్దలారా, ఒక్కసారి ఆలోచించండి. జోలికి పోనంటే అది మన జోలికి రాకుండా ఉందా? జాదూగూడలో బురద చెరువు పక్కన ఉన్న తల్లి చెప్పిన మాటను కంపెనీ కాగితం ఒక్క వాక్యంతో కొట్టేసింది. ఎందుకంటే ఆమె దగ్గర ఉన్నది బాధ, వాళ్ల దగ్గర ఉన్నది అంకె. డాక్టర్లు బయటి నుంచి వచ్చి అంకె తెచ్చాకే పత్రికలు రాశాయి. ఆ డాక్టర్లకు దండం పెడతాం. కానీ ఆ అంకెను ఏటేటా తీసుకునే సంతాల్ శాస్త్రవేత్త, హో వైద్యురాలు ఆ ఊళ్లోనే ఉండి ఉంటే?

మన నల్లమలనే చూడండి. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచులు వద్దన్నారు. ఊరూరా జనం లేచారు. ఆ ఏడాది సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా వద్దని తీర్మానం చేసింది. అంతకుముందు 2003లో నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు దగ్గర గని పెడతామన్నప్పుడూ తండాల జనం ఇలాగే నిలబడ్డారు. మేం నల్లమల వైపు. అందులో రెండో మాట లేదు.

అయితే మేం పోయిన సభల్లో ఒకటి గమనించాం. అన్వేషణకూ తవ్వకానికీ తేడా ఏమిటి, బోరు వేస్తే భూగర్భ నీటికి ఏమవుతుంది, రేడాన్ వాయువు అంటే ఏమిటి, ఇవన్నీ చెప్పింది పట్నం నుంచి వచ్చిన ప్రొఫెసర్లు. వాళ్లు మన మేలు కోరినవాళ్లే. చెంచు పెద్దలు ముందు వరసలో కూర్చుని విన్నారు, తర్వాత మైకు దగ్గరికి వచ్చి అడవి గురించి చెప్పారు. అడవి గురించి చెప్పడానికి చెంచు, అణువు గురించి చెప్పడానికి పట్నం సారు. ఈ పంపకం ఎవరు చేశారు? రేపు అదే ప్రొఫెసరు ఉద్యోగం మారి, గని మంచిదే అని చెబితే అప్పుడు మన దగ్గర ఎవరున్నారు?

ఈ దారి కొత్తది కాదు. అమెరికాలో నవాహో అనే ఆదివాసీ జాతి ఉంది. వాళ్ల నేల మీద 1944 నుంచి 1986 దాకా యురేనియం తవ్వారు. వాళ్ల మగవాళ్లే గనుల్లో దిగారు. మూసేయకుండా వదిలేసిన గనులు 500కు పైగా మిగిలాయి. 1979లో చర్చ్ రాక్ దగ్గర బురద చెరువు కట్ట తెగి వాళ్ల ఏట్లో పడింది. ఆ జాతి ఏం చేసింది? ఒక చేత్తో 2005లో తమ నేల మీద యురేనియం తవ్వకాన్ని నిషేధిస్తూ తమ చట్టం తామే చేసుకుంది. ఇంకో చేత్తో 1968లోనే సొంత కాలేజీ పెట్టుకుంది, ఆ దేశంలో ఆదివాసీ జాతి నడిపిన మొదటి కాలేజీ అదే. గర్భిణుల్లో, పసిపిల్లల్లో యురేనియం ఎంతుందో కొలిచే అధ్యయనంలో ఇవాళ వాళ్ల జాతి మనుషులే ఇంటింటికీ తిరిగి వాళ్ల భాషలో మాట్లాడి నమూనాలు తీసుకుంటున్నారు. వద్దని చెప్పడానికీ చదువు కావాలని వాళ్లకు అర్థమైంది.

పెసా చట్టం 1996లో గ్రామసభను సంప్రదించాలని చెప్పింది. సంప్రదింపు అంటే ఏమిటి? ఇంగ్లీషులో 200 పేజీల నివేదిక, తెలుగులో 4 పేజీల సారాంశం, కోయలో సున్నా. ఆ సభలో చేయి ఎత్తినా, ఎత్తకపోయినా అది ఒప్పుకోలు ఎలా అవుతుంది? తెలియనిదానికి అవునన్నా కాదన్నా మన మాటకు బరువుండదు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. ఒక పెద్ద సంస్థ, పేరు ఇక్కడ అనవసరం, సైన్స్ దినోత్సవానికి మా పిల్లలను పిలిచింది. బస్సు పంపారు, టిఫిను పెట్టారు. పిల్లలు నోటుపుస్తకాలు, పెన్నులు పట్టుకుని పోయారు. గేటు దగ్గర తెలిసింది, పిలిచింది కొమ్ముకోయ ఆటకని. అతిథులు కారు దిగి స్టేజీ ఎక్కేదాకా పిల్లలు డోలు కొట్టారు, ఆడారు, ఫొటోలు దిగారు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ‘లోపల మిషన్లు చూపిస్తారా సార్’ అని అడిగింది. పర్మిషన్ లేదన్నారు. అదే రోజు వేరే బడి పిల్లలకు, యూనిఫాం మీద టై కట్టుకున్నవాళ్లకు, పర్మిషన్ ఉంది. మన కొమ్ములు మనకు గౌరవం. కానీ సైన్సు రోజున మన పిల్లల చేతికి డోలే ఎందుకు, మైక్రోస్కోపు ఎందుకు కాదు?

సరే, ఎవరో తలుపు తీసేదాకా మనం ఏం చేద్దాం? తోటి పంతుళ్లారా, ఈ భాగం మీకు.

భారజలం పాఠం మన ఊరి నీళ్లతోనే మొదలుపెట్టవచ్చు. కోయలో నీళ్లను ఏరు అంటాం. తెలుగులో ఏరంటే పారే వాగు. ఆ మాట దగ్గరే పిల్లలు చెవి పెడతారు. గోదావరి నీళ్లలో ఉన్న హైడ్రోజన్ పరమాణువుల్లో 6,000–7,000కు ఒకటి మిగతావాటికన్నా రెట్టింపు బరువుంటుంది. దాని పేరు డ్యుటీరియం. భారజలం అంటే వేరే లోకపు నీళ్లు కావు, ఈ బరువైనవాటిని ఏరి ఏరి ఒకచోట చేర్చిన నీళ్లు. తూర్పారబట్టి గింజను ఏరినట్టే అనుకోండి, కాకపోతే ఇక్కడ తూర్పారబట్టేది గాలి కాదు. నీళ్లకూ హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువుకూ మధ్య ఆ బరువైన పరమాణువును చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి చేతులు మార్పిస్తారు. మణుగూరు పద్ధతి ఇదే. ఆ వాయువు కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది, విషం. మోతాదు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసన తెలియడం ఆగిపోతుంది. వాసన పోయింది కాబట్టి ప్రమాదం పోయిందనుకునేవాడు చచ్చిపోతాడు. అలాంటి వాయువు వాడే ఏ కర్మాగారం చుట్టుపక్కల బడిలోనైనా ఈ నాలుగు ముక్కలు గోడ మీద రాసి ఉండాలి. ఎవరినీ భయపెట్టడానికి కాదు, ఇది రసాయనశాస్త్రం.

రేడియోధార్మికతకు ల్యాబు లేదని వదిలేయకండి. అష్టాచెమ్మా ఆడటానికి చింతగింజలు ఒక పక్క అరగదీస్తాం కదా, అలాంటి బద్దలు 100 తీసుకోండి. చాట మీద ఒక్కసారి విసరండి. తెల్లపక్క పైకి పడ్డవన్నీ తీసేయండి. సుమారు 50 మిగులుతాయి. మిగిలినవి మళ్లీ విసరండి. సుమారు 25. మళ్లీ విసరండి, 12 దగ్గరికి వస్తాయి. ఏ గింజ ఎప్పుడు తెల్లగా పడుతుందో ఎవరూ చెప్పలేరు. కానీ గుంపు మొత్తం ప్రతి విసురుకూ సగమవుతుందని ఎవరైనా చెప్పగలరు. అర్ధాయువు అంటే ఇదే, పుస్తకంలో సూత్రం తర్వాత వస్తుంది. పిల్లలు అంకెలు రాసి గ్రాఫు గీశాక అప్పుడు చెప్పండి: రేడియానికి ఒక్క విసురు పడటానికి 1,600 ఏళ్లు. జాదూగూడ గని మొదలైంది 1960లలో. అక్కడ ఆ బురదలో ఉన్న రేడియానికి మొదటి విసురు ఇంకా చేయి దాటలేదు. చెరువు మూసేశాం, మట్టి కప్పాం, అయిపోయింది అని కాగితం చెబితే మా ఏడో తరగతి పిల్లలు నవ్వారు. ఆ నవ్వు మాకు చాలా నచ్చింది.

ఇంటర్ దాటిన పిల్లలున్న ఊళ్లలో ఇంకో పని. డీఎస్సీ నోటిఫికేషన్ వస్తే పది గూడాలకు ఒక్క రోజులో పాకుతుంది. ట్రాంబే ట్రైనింగ్ స్కూలు నోటిఫికేషన్ ఏటా వస్తుంది, ఒక్క గూడానికీ పాకదు. డీఎస్సీ రాయవద్దని మేం అనడం లేదు, మేం తిన్న అన్నం అదే. కానీ తరం తరమంతా ఒకే మెట్టు మీద కూర్చోవడానికి మనం ఉద్యోగం తెచ్చుకోలేదు. బీటెక్ చదివి హైదరాబాదులో డెలివరీ బండి నడుపుతున్న మన తమ్ముళ్లు ఎంతమంది లేరు? వాళ్లకు గేట్ అనే పరీక్ష ఉందనీ, దాని వెనక ట్రాంబే ఉందనీ చెప్పినవాళ్లు ఎవరు?

ఇంతా చేసినా అది మన వైపు పని. వాళ్ల వైపు పని వాళ్లు చేయాలి, అడగవలసింది మనం. అణుశక్తి శాఖకు 1969 నుంచి సొంత విద్యా సంస్థ ఉంది, దాని బళ్లు కాలనీల్లో ప్రధానంగా ఉద్యోగుల పిల్లల కోసం నడుస్తాయి. ఆ శాఖ కాలనీ మన నేల మీద ఉన్నచోట, ఆ బడి సైన్సు ల్యాబులను వారానికి ఒక్క రోజు చుట్టుపక్కల ఆశ్రమ పాఠశాలల పిల్లలకు తెరవడానికి కొత్త చట్టం అక్కర్లేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో డిగ్రీ, బీటెక్ పూర్తిచేసిన ఆదివాసీ పిల్లలకు ట్రైనింగ్ స్కూలు పరీక్షకు ముందు ఏడాది సన్నాహక చదువు, స్టైపెండుతో, ఇవ్వడం ఆ శాఖకు పెద్ద ఖర్చు కాదు. తన పరిశోధకులకు పట్టాలిచ్చే హోమీ భాభా జాతీయ సంస్థ ఆ శాఖ చేతిలోనే ఉంది. గనులూ కర్మాగారాలూ ఉన్న ఆదివాసీ ప్రాంతాల నీళ్లు, నేల, ఆరోగ్యం మీద పరిశోధన చేసే సీట్లు అక్కడి పిల్లలకే ముందుగా ఎందుకు ఇవ్వకూడదు? ఊరి నీళ్లలో, గాలిలో కొలిచిన ప్రతి అంకెనూ తెలుగులో, కోయలో గ్రామసభ ముందు చదవాలి. కొలిచేటప్పుడు ఊరి పిల్లలు ఇద్దరు పక్కన ఉండి చూడాలి, రాసుకోవాలి.

ఇవి దానాలు కావు, కాబట్టి బతిమాలే భాషలో రాయకండి. వచ్చే గ్రామసభలో తీర్మానంగా పెట్టండి. తీర్మానం పుస్తకంలో ఎక్కించి, సభ్యుల సంతకాలూ వేలిముద్రలూ తీసుకుని, సంస్థ అధిపతికి ఒకటి, ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి ఒకటి రిజిస్టర్ పోస్టులో పంపండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే సమాచార హక్కు కింద ఒకే ప్రశ్న అడగండి: మీ సంస్థలో సైంటిఫిక్ ఆఫీసర్లు మొత్తం ఎంతమంది, అందులో ఎస్టీలు ఎంతమంది, గ్రేడు వారీగా. పోస్టు రశీదు, తీర్మానం నకలు బడి బీరువాలో ఉంచండి, మీరు బదిలీ అయినా తర్వాత వచ్చే టీచరుకు దొరుకుతాయి.